యూదుల సమాజమందిరాలలో పదిమంది ఎలా పోగవుతారు? మా సంఘంలో పరిచర్యకు మనుషులు దొరకడం లేదు

ప్రశ్న: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలు పాతబస్తీలోని ఒక చిన్న క్రైస్తవ సంఘానికి నేను 6 సంవత్సరాలుగా కార్యదర్శిగా ఉన్నాను. సంఘం పుస్తకంలో 140 కుటుంబాల పేర్లున్నాయి. ఆదివారం ఆరాధనకు మందిరం నిండుతుంది, కానుకలకూ లోటు లేదు. లోటల్లా పనిచేసే చేతులకే. శనివారం సాయంత్రం వచ్చి ఊడ్చి చాపలు పరిచేవారు, మైకు సెట్టు చూసుకొనేవారు, సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవారు, ఆసుపత్రిలో ఉన్నవారిని పలకరించి వచ్చేవారు, అందరినీ కలిపి లెక్కపెట్టినా పదిమంది దాటరు. వారిలో ఏడుగురు 60 ఏళ్లు పైబడినవారే.

గత క్రిస్మస్ నాటి రాత్రి ప్రేమవిందు ముగిసి, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారనుకొని, దీపాలు ఆర్పడానికి వెనక పెరట్లోకి వెళ్లాను. అప్పటికి పన్నెండున్నర అయింది. కుళాయి దగ్గర ముగ్గురు పెద్దమ్మలు కొంగులు నడుముకు దోపుకొని, అడుగంటిన గుండిగలను కొబ్బరి పీచుతో తోముతున్నారు. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేని ఒకామె గుండిగను అరుగు మీదికి ఎక్కించుకొని, నిలబడే తోముతోంది. నన్ను చూసి, "నువ్వు పో నాయనా, రేపు మళ్లీ నీకు పనుంటుంది" అన్నది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత వరుసగా నాలుగు ఆదివారాలు, పరిచర్యకు ముందుకు రావలసిందిగా ప్రకటన చదివాను. ఇద్దరు పేర్లిచ్చారు. అందులో ఒకరు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిపోయారు, ఇంకొకరు రెండు వారాలు వచ్చి మానేశారు.

నాకు అర్థం కానిది ఏమిటంటే, వీరెవరూ పనికి వెనుకాడే మనుషులు కారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు, నీళ్లు తీశాక మందిరంలో మోకాటిలోతు బురద మిగిలింది. అప్పుడు ఎవరూ ప్రకటన చదవలేదు. పారలు, తట్టలు పట్టుకొని ఎవరికి వారే వచ్చారు, తమ ఇళ్లలో బురద ఇంకా ఎత్తకముందే మందిరం బురద ఎత్తారు. ఆనాడు వచ్చినవారిలో చాలామంది ఇప్పటికీ ప్రతి ఆదివారం నా కళ్లముందు కూర్చొని ఉంటారు.

ఇక ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకు అడుగుతున్నానంటే, నిరుడు వేసవిలో కుటుంబంతో కొచ్చి వెళ్లినప్పుడు మట్టాంచేరిలోని పరదేశి సినగాగు చూశాము. సినగాగు అంటే యూదుల ప్రార్థనా మందిరం, బైబిల్లో సమాజమందిరం అనేది దీన్నే. 1568లో కట్టినది. నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకలు, పైన వేలాడే గాజు దీపాల గుత్తులు, అన్నీ మెరుస్తున్నాయి. కానీ 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాత అక్కడి యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారనీ, మిగిలినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చనీ, సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది కోసం ఊరికి వచ్చే యూదు యాత్రికుల మీద ఆధారపడవలసి వస్తోందనీ మాకు చెప్పారు. బైబిల్లో సమాజమందిరం అనే మాటను చిన్ననాటి నుంచి చదువుతున్నా, దాని లోపల పని ఎలా నడుస్తుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. రెండు వేల సంవత్సరాలుగా దేశదేశాల్లో చెదిరి బతికినవారు వీటిని ఎవరి చేతుల మీదుగా నిలబెట్టుకున్నారు? వారి పద్ధతుల్లో మా వంటి సంఘానికి పనికివచ్చేవి ఏమైనా ఉన్నాయా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: పాలకొండ గాలి (కడప)

కార్యదర్శి గారూ, నేను యూదుణ్ణి కాను, మాది కడప దగ్గర పల్లె. ఉద్యోగం మీద అమెరికాలో న్యూజెర్సీలో 8 సంవత్సరాలు ఉండి, మూడేళ్ల కిందట తిరిగి వచ్చాను. అక్కడ మేమున్న వీధి చివర ఒక సినగాగు ఉండేది, నాతో పనిచేసే మిత్రుడు ఒకరు అందులో సభ్యుడు. నేను చూసినది, ఆయన చెప్పగా విన్నది మాత్రమే రాస్తాను.

మొదట తెలుసుకోవలసింది ఆ పదిమంది సంగతి. దానిని మిన్యాన్ అంటారు. 13 ఏళ్లు నిండిన పదిమంది కూడితేనే కొన్ని ప్రార్థనలు చేయవచ్చు, తొమ్మిది మంది ఉంటే చేయకూడదు. సంప్రదాయ సినగాగులలో మగవారినే లెక్కిస్తారు, తక్కిన శాఖలలో ఆడవారినీ లెక్కిస్తారు. విశేషం ఏమిటంటే, ప్రార్థన నడపడానికి రబ్బీ, అంటే వారి మతగురువు, ఉండి తీరాలని లేదు. రబ్బీ ఊళ్లో లేకపోయినా పదిమంది ఉంటే, వారిలో తెలిసినవారు ఎవరైనా ముందు నిలబడి నడిపిస్తారు. అదే రబ్బీ ఒక్కడే ఉండి పదిమంది లేకపోతే ఆ ప్రార్థనలు ఆగిపోతాయి. మన గుళ్లలో పూజారి ఉంటే చాలు, భక్తుడు ఒక్కడూ రాకపోయినా నైవేద్యం జరిగిపోతుంది. అక్కడ వచ్చే మనిషి చూడడానికి రాడు, లెక్కలోకి వస్తాడు.

నా మిత్రుడి తండ్రి చనిపోయినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. తల్లి గాని తండ్రి గాని పోతే పిల్లలు 11 నెలల పాటు ప్రతిరోజూ కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి, దానికి పదిమంది ఉండాలి. ఆయన రోజూ తెల్లవారుజామున లేచి వెళ్లేవాడు. ఒక చలికాలం ఉదయం కారు మీద జానెడు మంచు పేరుకొని ఉంది, ఆఫీసుకు ఇద్దరం కలిసి వెళ్లాలని నేను వారింట్లో కూర్చొని ఉన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఉండగానే ఫోను వచ్చింది. అవతల ఒక ముసలాయన గొంతు, ఒకే ఒక్క ముక్క అన్నాడు: "తొమ్మిది మందిమి ఉన్నాం." నా మిత్రుడు జవాబు కూడా చెప్పకుండా పార అందుకొని కారు మీది మంచు గోకడం మొదలుపెట్టాడు. తర్వాత నాతో అన్నాడు, తన 11 నెలలు ఎప్పుడో పూర్తయ్యాయట, ఆ రోజు కద్దిష్ చెప్పవలసింది ఇంకెవరో. తనకు దుఃఖం వచ్చినప్పుడు ఎవరో పదో మనిషిగా వచ్చారు, ఇప్పుడు తన వంతు.

మీ ప్రకటనకూ ఆ ఫోనుకూ ఉన్న తేడా మీకు చెప్పనక్కరలేదు. "ఎవరైనా ముందుకు రండి" అంటే ఆ ఎవరైనా నేను కాదని ప్రతి మనిషీ అనుకుంటాడు.

రెండవది, పేరు పెట్టి పిలవడం. శనివారం ఉదయం ధర్మశాస్త్రపు చుట్టను విప్పి చదివేటప్పుడు ఏడుగురిని, ఆ తర్వాత ముగింపు భాగానికి మరొకరిని, వేదిక మీదికి పిలుస్తారు. సొంత పేరుతో పాటు తండ్రి పేరు కూడా చేర్చి పిలుస్తారు. ఎవరిని పిలవాలో చూసుకొనే మనిషిని గబ్బాయ్ అంటారు. శనివారం వారు ఏదీ రాయకూడదు కనుక, ముందే అచ్చు వేసిన అట్టముక్కలను ఆయన జేబులో పెట్టుకొని వరుసల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టి వెళ్తాడు. చుట్టను దాచే మందసం తలుపు తెరిచేది నువ్వు, చుట్టను పైకెత్తేది నువ్వు, దానికి గుడ్డ తొడిగేది నువ్వు అని. నేను అతిథిగా వెళ్లిన రోజు, మూలన ఒంటరిగా కూర్చొన్న ఒక కుర్రాడి చేతిలో అట్ట పెట్టినప్పుడు వాడు నిటారుగా సర్దుకొని కూర్చున్నాడు. తలుపు తెరవడం పెద్ద పనేమీ కాదు, అర నిమిషం పని. అయినా ఆ వారం ఆ పని వాడిదే.

మూడవది చెప్పి ఆపుతాను. పోయినవారికి స్నానం చేయించి, తెల్లబట్ట తొడిగి, సమాధికి సిద్ధం చేసే బృందం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. హెవ్రా కదీషా అంటారు. చాలా చోట్ల వీరు జీతం తీసుకోని సాధారణ సభ్యులే, దుకాణదారులు, లెక్కలు చూసేవారు, ఉపాధ్యాయులు. చేసిన ఉపకారాన్ని తిరిగి తీర్చలేని మనిషికి చేస్తున్నాము కాబట్టి అదే నిజమైన దయ అని వారి నమ్మకం. ఎవరెవరు అందులో ఉన్నారో నా మిత్రుడు నాకు చెప్పలేదు, వారూ చెప్పుకోరట. మనవైపు ఇటువంటి పనికి మైకులో పేరు చదివి శాలువా కప్పకపోతే మనిషి నొచ్చుకుంటాడు. ఇది నిందగా అనడం లేదు, నేనూ ఆ శాలువాలు కప్పించుకున్నవాడినే.

జవాబు 2: గుగ్గిళ్ల వంతు (అనంతపురం)

పై మిత్రుడు చెప్పింది బాగుంది గానీ, ఇందుకు న్యూజెర్సీ దాకా వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. మన సీమ పల్లెల్లో వంతు అనే పద్ధతి ఉండేది, దానిని మనమే చేజేతులా పోగొట్టుకున్నాము. ఎలా పోయిందో మా ఊరి భజన మందిరం కథ చెబుతాను, మీ సంఘానికి పనికిరావచ్చు.

మాది అనంతపురానికి పడమట ఒక పల్లె. మా రామాలయంలో శనివారం రాత్రి చెక్కభజన జరిగేది. ఆ వారం దీపానికి నూనె, భజన అయ్యాక పంచే గుగ్గిళ్లు, ఒక్కొక్క ఇంటి వంతు. శనగలు లేని ఇల్లు అలసందలు తెచ్చేది, అవీ లేని ఏడాది చెనిక్కాయలు ఉడకబెట్టి తెచ్చేవారు. ఎవరి వంతో అడగవలసిన అవసరం ఉండేది కాదు. ఇత్తడి గంగాళం ఏ ఇంట్లో ఉంటే వచ్చే వారం ఆ ఇంటిదే వంతు, భజన అయ్యాక తోమి పక్కింటికి ఇచ్చేయాలి. గంగాళమే చీటీ, గంగాళమే రిజిస్టరు.

తర్వాత మా ఊరివాడే ఒకాయన బెంగళూరులో బాగా సంపాదించి, మంచి మనసుతోనే, గుడికి గోపురం కట్టించి, నెల జీతానికి పూజారిని పెట్టించి, శ్రీరామనవమికి పానకం వడపప్పుతో సహా మొత్తం వంట కాంట్రాక్టుకు ఇచ్చాడు. ఊరంతా సంతోషించింది. రెండేళ్లలో శనివారం భజన ఆగిపోయింది. గంగాళం ఎవరింట్లో ఆగిందో కూడా ఎవరూ అడగలేదు. అంతకుముందు గుడి మాది, ఆ తర్వాత ఆయనది. అంతే జరిగింది. డబ్బు తక్కువై పాడైన గుళ్లను మనం చూస్తూనే ఉంటాము, డబ్బు ఎక్కువై మనుషులు దూరమైన గుడిని నేను కళ్లారా చూశాను. మీరు కానుకలకు లోటు లేదని రాశారు కాబట్టే ఇది చెప్పవలసి వచ్చింది. గుండిగలు తోమడానికి ఈ క్రిస్మస్‌కు కూలి మనుషులను పెడదామని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. పెద్దమ్మల మోకాళ్లకు అది మంచిదే, కాదనను. కానీ అదొక్కటే చేసి ఊరుకుంటే ఆ పెరట్లోకి ఇక ఎవరూ రారు.

మూడేళ్ల కిందట కొందరు కుర్రవాళ్లు పట్టుబట్టి భజన మళ్లీ మొదలుపెట్టారు. గోపురం కట్టించినాయన వద్దకు వెళ్లి, "అన్నా, ఈసారి నవమి ఖర్చు నువ్వు పెట్టుకోవద్దు, నీ వంతు పానకానికి బెల్లం మాత్రం తీసుకురా" అని అడిగారు. ఆయన మొదట నొచ్చుకున్నాడు. నవమి నాడు మాత్రం తెల్లపంచె పైకి కట్టి, గంగాళం ముందు కూర్చొని స్వయంగా బెల్లం కొట్టాడు. కొత్త గంగాళం కొనలేదు, పాతదే ఒక ఇంటి అటక మీద గడ్డి కింద దొరికింది.

ఇంకొక చిన్న మాట. దయచేసి ప్రకటనలో వాలంటీరు అనే మాట వాడకండి. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం గ్రామ వాలంటీర్లను పెట్టినప్పటి నుంచి మన రాష్ట్రంలో ఆ మాటకు అర్థం మారిపోయింది. 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం అని అందరి మనసులో నాటుకుపోయింది. మా వీధిలో రక్తదాన శిబిరానికి వాలంటీర్లు కావాలని బోర్డు పెడితే, డిగ్రీ చదివిన పిల్లలు ఆధార్ కార్డు జిరాక్సుతో వచ్చి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలని అడిగారు. వారి తప్పేమీ లేదు. మీకు పరిచర్య అనే చక్కని మాట ఉండనే ఉంది.

జవాబు 3: పెన్న ఇసుక (ప్రొద్దుటూరు)

నేను చెప్పదలచుకున్నది కొద్దిగానే ఉంది. కార్యదర్శి గారు గుండిగలు తోముతున్న ముగ్గురు పెద్దమ్మలను చూసి బాధపడ్డారు, అది మంచి మనసే. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరైనా మీ కమిటీలో ఉన్నారా అని అడగాలనిపిస్తోంది. వంట ఎంత వండాలి, ఎంతమందికి వండాలి, ఏ గుండిగలు అద్దెకు తేవాలి అన్న నిర్ణయం ఎవరిది? మా సంఘంలో 20 సంవత్సరాలుగా స్త్రీల సమాజం వారే వండుతారు, వడ్డిస్తారు, కడుగుతారు. లెక్క మాత్రం మగవారు రాస్తారు. చదువుకున్న మా ఆడపిల్లలు అది చూస్తూ పెరిగి, పెద్దయ్యాక వంటగది వైపు రావడం మానేశారు. వారు సోమరులని పెద్దలు అంటారు. పని అంటే చాకిరీ అని వారు నేర్చుకున్నది మా దగ్గరే.

సినగాగులలోనూ ఈ పేచీ నడిచింది. అమెరికాలో కన్సర్వేటివ్ అనే శాఖ 1973లో ఆడవారిని కూడా పదిమంది లెక్కలో చేర్చుకోవడానికి అనుమతించింది, అంతకు ఒక సంవత్సరం ముందు రిఫార్మ్ శాఖలో శాలీ ప్రీసాండ్ రబ్బీ అయ్యారు. సంప్రదాయ శాఖ నేటికీ ఒప్పుకోదు, అది వారి విశ్వాసం. అయితే లెక్కలో ఉన్న మనిషికీ లేని మనిషికీ అడుగు వేసే తీరులో తేడా ఉంటుంది. ఈ విషయంలో మనం మరీ వెనకబడినవారమూ కాము. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో అభిషిక్తులయినది మన నంద్యాలలోనే, అప్పుడది కర్నూలు జిల్లా. బిషప్పు కాగలిగిన చోట ఒక పెద్దమ్మ కమిటీలో కూర్చోలేదా? ఆమెను ముందు అక్కడ కూర్చోబెట్టి, ఆ తర్వాత కుర్రవాళ్లకు పని అప్పగించమని ఆమెనే అడగండి. మీరు చెబితే తప్పించుకునే మనవడు ఆమె చెబితే తప్పించుకోలేడు.

జవాబు 4: పాత పంతులు (కర్నూలు)

నేను 31 సంవత్సరాలు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. యూదుల చరిత్ర మీద ఆసక్తితో కొంత చదివాను. పై జవాబులు చదివిన తర్వాత, సినగాగు అంటే సమస్యలే లేని చోటు అన్న అభిప్రాయం కలుగుతుందేమోనని భయం వేసి ఇది రాస్తున్నాను.

అమెరికాలోని సినగాగులలో చాలావాటికి కార్యదర్శి గారి సమస్యే ఉంది. శనివారం వారు డబ్బు ముట్టకూడదు, కాబట్టి మన చర్చిలో వలె కానుక పళ్లెం తిరగదు. చాలా చోట్ల ఏడాదికి ఇంత అని సభ్యత్వ రుసుము వసూలు చేస్తారు, రోష్ హషానా, యోమ్ కిప్పూర్ వంటి పెద్ద పండుగలకు కూర్చొనే చోటుకు టిక్కెట్టు ఇచ్చే ఆచారమూ ఉంది. దీని పర్యవసానం అనంతపురం మిత్రుడి గోపురం కథ వంటిదే. రుసుము కట్టినవాడు నాకు కావలసినవి సమకూర్చండి అంటాడు. పిల్లవాడికి 13 ఏళ్లు నిండి బార్ మిత్స్వా అనే వేడుక అయిపోగానే కుటుంబం సభ్యత్వం మానుకోవడం అక్కడ పాత ఫిర్యాదు. కొన్ని సినగాగులు రుసుము ఎత్తివేసి, ఎవరు ఇవ్వగలిగింది వారే చెప్పి ఇచ్చే పద్ధతికి మారాయి.

దీనికి ఎదురుగా 1960ల చివర ఒక కొత్త గాలి వీచింది. 1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నగరం దగ్గర కొందరు యువకులు హవురత్ షాలోం అనే చిన్న కూటమి పెట్టుకున్నారు. పెద్ద భవనమూ, వేదిక మీద నుంచి ప్రసంగించే మనిషీ లేకుండా, వండుకోవడం, చదువుకోవడం, ప్రార్థన నడపడం అన్నీ తామే చేసుకోవాలన్నది వారి పట్టుదల. హవురా అంటే స్నేహబృందం. కొద్ది సంవత్సరాలకు లాస్ ఏంజెలెస్ నగరంలో హెరాల్డ్ షుల్‌వైస్ అనే రబ్బీ దీనినే పెద్ద సినగాగు లోపలికి తెచ్చారు. వందల కుటుంబాలున్న సంఘాన్ని సుమారు పదేసి కుటుంబాల బృందాలుగా విడదీసి, వారు ఒకరి ఇంట్లో ఒకరు కూడేటట్టు, జబ్బు చేస్తే ఒకరికొకరు చూసుకొనేటట్టు ఏర్పాటు చేశారు. ఆ పద్ధతి ఆ తర్వాత చాలా చోట్లకు పాకింది. 140 కుటుంబాలు అంటే మీకు పద్నాలుగు బృందాలు. వీధుల వారీగా విడదీస్తే ఎవరి ఇంటికి ఎవరు నడిచి వెళ్లగలరో ఇట్టే తేలుతుంది. వయసు వారీగా మాత్రం విడదీయకండి. యువకులను యువజన కూడిక అని ఒక మూలకు నెట్టి, వారు పెద్దల పనికి రావడం లేదని మనమే వాపోతుంటాము.

ఇక స్వచ్ఛందం అన్న మాట. నచ్చితే చేయవచ్చు, నచ్చకపోతే మానవచ్చు అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. యూదు సంప్రదాయంలో మిత్స్వా అంటే ఆజ్ఞ. మూడవ శతాబ్దపు రబ్బీ హనీనా అభిప్రాయం ఒకటి తాల్మూద్ అనే వారి ధర్మగ్రంథంలో ఉంది. తనకు విధించిన పనిని చేసేవాడు, విధించకపోయినా చేసేవాడికంటె గొప్పవాడని ఆయన అంటాడు. మొదట చదివినప్పుడు నాకు తలకిందులుగా కనిపించింది. ఎవరూ చెప్పకుండా చేసేవాడు కదా గొప్పవాడు అనుకున్నాను. కానీ బడిలో 31 ఏళ్లు పిల్లలను చూసినవాడిగా ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఉత్సాహంతో నల్లబల్ల తుడవడానికి వచ్చిన పిల్లవాడు మూడో రోజున రాడు. ఈ వారం బల్ల నీ వంతు అని చెప్పినవాడు విసుక్కుంటూనే శనివారం దాకా తుడుస్తాడు. వరద వచ్చిన నాడు మీ సంఘంలో అందరూ పనిచేయడానికి కారణం కూడా ఇదేనని నా ఊహ. బురద ప్రతి ఒక్కరికీ ఆజ్ఞ ఇచ్చింది. ఎవరిని అడగాలో, ఏం చేయాలో వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

కొచ్చి దాకా వెళ్లారు కాబట్టి దగ్గరిది ఒకటి గుర్తుచేస్తాను. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిం అని తమను పిలుచుకొనే తెలుగు యూదుల చిన్న సినగాగు ఉంది. కొచ్చిలో శతాబ్దాల నాటి భవనం ఉండి మనుషులు కరవయ్యారు. ఇక్కడ భవనం చిన్నదే, ప్రార్థనకు మనుషులు ఉన్నారు. వెళ్లి చూసి వస్తే కొచ్చి చూసినప్పుడు కలిగిన బెంగ కొంత తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఈలోగా కొన్ని జరిగాయి.

ప్రొద్దుటూరు సోదరి అడిగిన ప్రశ్నకు జవాబు, లేరు. మా కమిటీలో తొమ్మిదిమందిమీ మగవారమే. ఈ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. గుండిగను అరుగు మీదికి ఎక్కించుకొని తోమిన పెద్దమ్మను గత నెల కూటమికి పిలిచాము. ఆమె మొదటి రోజు అర్ధగంట మౌనంగా కూర్చొని, చివర ఒకే ఒక ప్రశ్న అడిగింది: పెరట్లో ఒక్కటే కుళాయి ఎందుకు ఉంది? మైకు సెట్టు రెండుసార్లు మార్చిన మా కమిటీకి, ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు. రెండో కుళాయి, దానికింద నడుము ఎత్తున సిమెంటు దిమ్మె, ఈ వారం పూర్తయ్యాయి.

మైకులో ప్రకటన మానేశాను. వీధుల వారీగా పద్నాలుగు బృందాలు అనుకున్నాము గానీ, ప్రస్తుతానికి నాలుగే కుదిరాయి. పాస్టరు గారు పాలకొండ గాలి గారి అట్టముక్కల సంగతి విని ముచ్చటపడి, పెళ్లిపత్రికల వెనుక అట్టలను కత్తిరించి, వాక్యపఠనం, తలుపు దగ్గర పలకరింపు, చాపలు, ఆసుపత్రి అని రాయించారు. శనివారం సాయంత్రం నేనే ఇళ్లకు వెళ్లి ఇస్తున్నాను. లూకా సువార్త నాలుగో అధ్యాయంలో యేసు నజరేతు సమాజమందిరంలో లేచి నిలబడి చదివినప్పుడు, గ్రంథాన్ని అందించి తిరిగి పుచ్చుకొన్న పరిచారకుడు ఒకడు ఉన్నాడు. ఆ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు, ఆ మనిషిని మాత్రం ఈసారే గమనించాను. మొదటి ఆదివారం వాక్యం చదవమని అట్ట ఇచ్చింది, వెనక స్తంభానికి ఆనుకొని కూర్చొనే ఒక ఆటో నడిపే అబ్బాయికి. రెండు చోట్ల తడబడ్డాడు. తర్వాతి వారం అట్ట లేకపోయినా అర్ధగంట ముందే వచ్చాడు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పలేను. అట్ట తీసుకొని రానివారు ముగ్గురున్నారు. ఇన్నేళ్లుగా చాపలు పరిచే ఒక పెద్దాయన, తన పని ఇంకొకరికి ఇచ్చామని రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆయన బాధ నిజమే, ముందుగా ఆయనతో మాట్లాడకుండా అట్ట ఇంకొకరి చేతిలో పెట్టడం నా తొందరపాటు. ఇప్పుడు కొత్తవారికి చాపలు ఎలా మడవాలో నేర్పే పని ఆయనదే అని ఒప్పించాము. ఆయన మడత పద్ధతి వేరు, అంచు లోపలికి తిప్పి చుడితేనే గోడ మూలన కుదురుతుందట. అది తెలిసినవారు ఆయన తప్ప సంఘంలో లేరు.

ఆయనే మాట మీద మాటగా ఇంకొకటి అన్నారు. "అందరూ రావాలంటావు, తాళాలు నీ దగ్గర పెట్టుకుంటావు." మందిరం గేటు, వంటగది, బీరువా, మైకు గది, నాలుగు తాళం చెవులూ ఆరేళ్లుగా నా మొలతాడుకే ఉన్నాయి. ముందుగా వచ్చినవాడు గేటు బయట నిలబడి నాకు ఫోను చేయాలి. ఆటో అబ్బాయి కూడా ఆ అర్ధగంట గేటు బయటే గడిపాడు. రెండు జతలు చేయించాను, ఒకటి పెద్దమ్మ దగ్గర, ఒకటి ఆ అబ్బాయి దగ్గర ఉన్నాయి.

క్రిస్మస్ ప్రేమవిందుకు నాలుగు బృందాలూ వంతులు వేసుకున్నాయి. వంట రెండు వీధులవారిది, వడ్డన ఒకరిది, తోమడం యువకులున్న బృందానిది. పెద్ద గుండిగలు ఎవరు అద్దెకు తేవాలో మాత్రం ఇంకా తేలలేదు, గురువారం కూటమిలో ఆ సంగతి మాట్లాడతాము.